ఆరో బెడ్డు గంట

ఆ కాగితం మీద మూడే మూడు వాక్యాలు. ‘మానిటరు గంట ఆపింది నేనే. ఆపమని నాకెవరూ చెప్పలేదు. మిషన్లు ముట్టుకోవడం నా పని కాదని నాకు తెలుసు.’ మొదటిది నిజం. మిగతా రెండూ పచ్చి అబద్ధాలు. ఆ అబద్ధాల కింద వార్డు ఆయా చేత సంతకం పెట్టించుకున్నారు, అదీ నిలబెట్టి. గదిలో నాలుగు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. కూర్చోమని ఎవరూ అనలేదు.

"చదువుకున్నావా?" అన్నాడు గుమాస్తా, సంతకం అయిపోయాక.

"చదివాను సార్."

"మరి ఏమైనా చెప్పాలా?"

"నొక్కింది నేనే కదండీ," అంది.

ఒక మనిషి ప్రాణం పోయిన సంగతి అక్కడితో తేలిపోయింది. విచారణ చేసిన పెద్దలు ముగ్గురూ చేతులు దులుపుకుని లేచారు. ఆమెను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. వార్డులోంచి తీసి, మెట్ల కింద బట్టల గదిలో పడేశారు. ఉతికి వచ్చిన దుప్పట్లు మడతపెట్టి పై అంతస్తులకి చేర్చడం పని. "పోనీలే పాపమని వదిలేశాం," అన్నారు. ఆమె నమ్మింది. నాలుగు నెలలు నమ్మింది. ఆ నాలుగు నెలలూ, ఆ మనిషి ప్రాణం తీసిన మిషనుతో సహా పన్నెండూ అదే వార్డులో, అదే తీరున పనిచేస్తూనే ఉన్నాయి. తప్పు ఆయాదని తేలిపోయాక మిషన్ల జోలికి ఎవరు పోతారు?

ఇప్పుడు ఆసుపత్రిలో అందరూ ఆమెను గంటమ్మ అంటారు. దుప్పట్ల కట్ట భుజాన వేసుకుని వార్డు గుమ్మం దగ్గర ఆగి, ఒక్కో బెడ్డు తెర వైపూ మెడ చాచి చూసేదని కొత్త నర్సులు నవ్వులాటకి పెట్టిన పేరు. ఆ పేరు పెట్టినవాళ్ళకి ఆమె ఏం వెతికేదో తెలియదు.

ఆ వార్డు ఆపరేషన్ అయినవాళ్ళను రెండు మూడు రోజులు కనిపెట్టి చూసేది. ప్రతి బెడ్డుకీ తలవైపు గోడకి ఒక తెర. గుండె గీత, ఊపిరి గీత, బీపీ, ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే అంకె. ఆ అంకె కోసం పేషెంటు వేలికి ఒక క్లిప్పు పెడతారు. తీగ మీద బట్టలకి పెట్టే క్లిప్పులాగే ఉంటుంది, లోపల ఎర్ర దీపం. అంకె పడిపోతే తెర మెరుస్తుంది, గంట మోగుతుంది. పన్నెండు బెడ్లకి నలుగురు నర్సులుండాలని గోడ మీద బోర్డు ఉంది. ఉండేది ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకావిడ సగం పూట మందుల గదిలోనే.

గంటమ్మ అక్కడ పందొమ్మిదేళ్ళు ఆయాగా చేసింది. కుట్లు లాగకుండా, నొప్పి తెలియకుండా మనిషిని పక్కకి తిప్పడంలో ఆమె చెయ్యి పడ్డాక ఇంకో చెయ్యి వద్దనేవాళ్ళు పేషెంట్లు. మడమ దగ్గర చర్మం రంగు చూసి, పుండు పడబోతోందని రెండు రోజుల ముందే చెప్పేది. ఆమె చెప్పింది కేసు షీటులోకి ఎక్కేది కాదు. ఎక్కినా ‘నర్సు గమనించినది’ అని ఎక్కేది. "ఎవరి పేరుతో ఎక్కితే ఏంలే, పుండు ఆగింది కదా," అనేది.

పొద్దున పది దాటాక ఒళ్ళు తుడిచే పని. తుడుస్తుంటే చెయ్యి ఎత్తాలి, క్లిప్పు జరుగుతుంది, ఛాతీ మీద వైర్లు కదులుతాయి. మనిషి నిక్షేపంగా ఉంటాడు, మిషను మాత్రం కొంప మునిగినట్టు మోగుతుంది. అందుకని ఆ వార్డులో ఒక అలవాటు ఉండేది. ఆయా గోరువెచ్చని నీళ్ళ బేసిను పట్టుకుని బెడ్డు దగ్గరికి చేరగానే పెద్ద సిస్టర్ తన బల్ల దగ్గర నుంచే కేకేసేది: "గంట కట్టెయ్!" తెర కింద, గంట బొమ్మ మీద అడ్డగీత ఉన్న మీట ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కితే గోల ఆగుతుంది. రెండు నిమిషాల తర్వాత దానంతట అదే మళ్ళీ మొదలవుతుంది. ఎనిమిదేళ్ళ కిందట గంటమ్మ వేలు పట్టుకుని ఆ మీట మీద పెట్టి నేర్పింది పెద్ద సిస్టరే.

"రెండు నిమిషాల్లో వీపు కూడా అవదు సిస్టర్."

"అవకపోతే మళ్ళీ నొక్కు. అది మా అత్తగారి నోరే అనుకో. ఎంత నొక్కినా తెరుచుకుంటుంది."

పేషెంట్లు కూడా నవ్వేవాళ్ళు, కుట్లు పట్టుకుని.

పోయిన ఏడాది చివర్లో కొత్త మిషన్లు వచ్చాయి. ఎలా వాడాలో చెప్పడానికి కంపెనీ మనిషి వచ్చాడు. పై అంతస్తు హాల్లో డాక్టర్లకీ నర్సులకీ క్లాసు. నలభై కుర్చీలు వరసగా వేసింది ఆయాలే. వేశాక, "మీకవసరం లేదు, మీరు వెళ్ళి వార్డు చూసుకోండి," అని తలుపు వేసేశారు. లోపల ఆ మనిషి చాలా సంగతులు చెప్పాడట. వాటిలో ఒకటి: మీట అదే, బొమ్మ అదే, చోటూ అదే. కానీ ఈ మిషన్లో ఒకసారి గంట ఆపితే, మళ్ళీ ఎవరో ఒకరు నొక్కేదాకా అది మోగదు. తెర మూల చిన్న బొమ్మ ఒకటి కనిపిస్తుంది, అంతే. ఆ ముక్క విన్నవాళ్ళు కొందరే. వార్డు నుంచి పిలుపు వస్తే సగంమంది మధ్యలోనే లేచి వచ్చేశారు. పెద్ద సిస్టర్ కూడా.

మర్నాటి నుంచి కొత్త తెరలు, పాత కేక. "గంట కట్టెయ్!"

ఆరో బెడ్డులో డ్రాయింగు మాస్టారు. బడి నుంచి రిటైరై చాలాకాలమైంది. కడుపు ఆపరేషన్, మూడో రోజు. తెర వైపు చూసి, "ఆయమ్మా, ఈ గీత ఎవరు గీశారు? ఇంత వంకరగా గీస్తే నా క్లాసులో చెవి మెలేసేవాణ్ణి," అన్నారు.

"అది వంకరగానే ఉండాలి మాస్టారూ. తిన్నగా వస్తే మేమంతా పరుగెత్తుకు రావాలి."

"అయితే వంకరకే మార్కులు వెయ్యి," అన్నారు.

నొప్పి తగ్గే ఇంజెక్షన్ అంతకుముందే ఇచ్చారు. ఆ మందుకి కొందరికి ఊపిరి మందగిస్తుంది. వేలికి ఆ క్లిప్పు పెట్టేదే అందుకు. గంటమ్మ బేసిను స్టూలు మీద పెట్టింది. కేక వినిపించింది. మీట నొక్కింది. గుమ్మం మీద గడియారంలో పదీ యాభై రెండు. మెడ, చేతులు, వీపు తుడిచి, మెత్తగా అద్ది, దుప్పటి ఛాతీ దాకా లాగింది. "హాయిగా ఉందమ్మా," అన్నారు మాస్టారు, కళ్ళు మూసుకుంటూ. ఆమె బేసిను తీసుకుని ఏడో బెడ్డుకి వెళ్ళింది, తర్వాత ఎనిమిదికి. ఏదైనా అయితే మోగుతుంది కదా!

పదకొండూ ఇరవైకి మాస్టారి కూతురు వచ్చింది. బస్సు కండక్టరు. డ్యూటీ మధ్యలో యూనిఫాంతోనే వచ్చి స్టూలు మీద కూర్చుంది. "ఇప్పుడే నిద్రపట్టినట్టుంది. లేపను," అంది గుసగుసగా. దుప్పటి అంచు సర్ది, దాని మీద చెయ్యి వేసి కూర్చుంది. పది నిమిషాలు గడిచాక పక్కకి తిరిగి అడిగింది: "ఆయమ్మా, ఈ తెర ఎందుకిలా మెరుస్తోంది? మోగట్లేదు కదా, ఏం కాదు కదా?"

గంటమ్మ తలెత్తి చూసింది. తెర ఎర్రగా మెరుస్తోంది. అంకె ఉండాల్సిన చోట రెండు అడ్డగీతలు. ఏ చప్పుడూ లేదు.

ఆ తర్వాత పరుగులు, ఛాతీ మీద నొక్కడాలు, సూదులు, గొట్టాలు. పన్నెండు కాకముందే అంతా అయిపోయింది. చుట్టూ కర్టెన్ లాగేసి, మాస్టారిని సర్దమని గంటమ్మకే చెప్పారు. వైర్లన్నీ విప్పింది. వేలికి క్లిప్పు ఇంకా ఉంది. లోపల ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది, ఆ వేలికి ప్రాణం ఉన్నా లేకపోయినా తనకొకటే అన్నట్టు. క్లిప్పు తియ్యబోతే అది జారి ఆమె వేలినే పట్టుకుంది. తెర ఒక క్షణం తడబడి, అంకె చూపించింది. తొంభై తొమ్మిది. పైన మాస్టారి పేరు, పక్కన ఆరో బెడ్డు. కింద ఆమె ఊపిరి.

ఆ అంకె ఆమెను వదల్లేదు.

బట్టల గదిలో చప్పుడుండదు. నాలుగు గోడలూ దుప్పట్లే, మాట కూడా మెత్తగా ఇంకిపోతుంది. అక్కడ కూర్చుంటే ఎక్కడో ఏదో మోగాల్సింది మోగకుండా ఉందనిపించేది ఆమెకి. లేచి మెట్ల దాకా వెళ్ళి చెవి ఒగ్గి నిలబడేది. మళ్ళీ వచ్చి మడతపెట్టేది. ఇంట్లో నీళ్ళ మోటారు ఆగితే బయటికి వెళ్ళి చూసొచ్చేది. కుక్కరు కూత వేసినంతసేపూ బాగానే ఉండేది, కూత ఆగాకే పొయ్యి దగ్గరికి పరుగెత్తేది. పక్కింటి పసిబిడ్డ ఏడుపు మానితే గోడ దగ్గరికి వెళ్ళి, "ఏమ్మా, పాప బాగానే ఉందా?" అని అడిగేది. రెండుసార్లు నవ్వారు. మూడోసారి విసుక్కున్నారు. బ్లౌజు గుండీ పెట్టుకుంటుంటే చూపుడు వేలి చివర ఎర్రగా కనిపించేది. కడిగేది. మళ్ళీ చూసుకునేది.

ఆమె మొగుడు ముప్పై ఏళ్ళు ఇనుము చెక్కే లేతు మిషను మీద పనిచేసి సగం చెవుడు తెచ్చుకున్న మనిషి. రేడియో పెద్దగా పెట్టుకుని కూర్చునేవాడు.

"ఏమే, మళ్ళీ లేచావా? ఏం వినపడింది?"

"ఏమీ వినపడలేదయ్యా. అందుకే లేచాను."

"బాగుంది. వినపడాల్సినవి నాకు వినపడవు, వినపడనివి నీకు వినపడతాయి. ఇద్దరినీ కలిపి కుడితే ఒక మనిషవుతాడు." నవ్వించాలని చూశాడు. ఆమె నవ్వకపోయేసరికి రేడియో ఇంకాస్త పెంచి, ఆ గది ఒక్క నిమిషం కూడా మూగపోకుండా చూసుకున్నాడు. అతను చేయగలిగింది అదే.

నాలుగో నెలలో మిషన్లు బాగుచేసే అతను బట్టల గదికి వచ్చాడు, పాత మిషన్ల మీద కప్పడానికి చిరిగిన దుప్పట్లు కావాలంటూ. దుప్పట్లు తీసుకున్నాడు గానీ కదల్లేదు.

"అక్కా, ఒకటి చెప్తాను. నా పేరు బయటికి రాకూడదు."

"నీ పేరు నాకు తెలిస్తే కదా బాబూ. మిషనబ్బాయి అంటారు నిన్ను."

"సరే, ఆ మిషన్లు అన్నీ గుర్తుపెట్టుకుంటాయక్కా. ఏ బెడ్డు గంట ఎప్పుడు ఆపారు, ఎంతసేపు ఆగి ఉంది. ఎవరు నొక్కారో దానికి తెలీదు గానీ, నొక్కినట్టు తెలుసు. మాస్టారు చనిపోయిన వారంలో ఆ వార్డులో ముప్పై ఒక్కసారి గంట కట్టేశారు. మాస్టారి గంట అందులో ఒకటి. ఆ కాగితం తీసి విచారణవాళ్ళకిచ్చాను. పక్కన పెట్టారు."

గంటమ్మ మడతపెడుతున్న దుప్పటి చేతిలోనే ఉండిపోయింది. తన తప్పు ముప్పై ఒకటో వంతుకి తగ్గిందని సంతోషం కలగలేదు ఆమెకి. మిగతా ముప్పైసార్లూ ఆ బెడ్ల మీద ఎవరున్నారో, ఎలా బయటపడ్డారో అనుకుంది.

"ఇప్పుడో?"

"ఇప్పుడూ అంతే. రెండు నిమిషాలకి మళ్ళీ మోగేటట్టు పెట్టొచ్చు. ఒక్కో మిషనుకి పది నిమిషాల పని. నాకు పైనుంచి ఆర్డరు రావాలి. అడిగితే, ‘మిషన్లో లోపమెక్కడిది, తప్పు తనదని ఆయా సంతకమే ఉంది కదా’ అంటున్నారు."

అతను వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక మొగుడు రేడియో పెడితే కట్టేసింది. "నేను పెట్టిన సంతకమే వాటి నోరు కట్టేసిందయ్యా," అంది. అతనికి సగమే వినపడింది. రెండోసారి చెప్పించుకున్నాడు. విన్నాక, "అయితే ఆ మాట నాకు కాదు చెప్పాల్సింది," అన్నాడు.

వారం తిరక్కుండా మాస్టారి కూతురే వచ్చింది. కేసు కాగితాల గది కూడా ఆ మెట్ల కిందే. కాగితాలు చేతిలో పట్టుకుని, బట్టల గది గుమ్మంలో నిలబడింది.

"మీరేగా ఆ రోజు..."

"నేనేనమ్మా."

"చదివాను. ‘ఆయా నిర్లక్ష్యం’ అని రాశారు. మిమ్మల్ని నాలుగూ తిట్టాలనే మెట్లు దిగాను." ఆమె గొంతు బస్సులో వెనక సీటు దాకా వినపడే గొంతు. అది ఉన్నట్టుండి సన్నబడింది. "కానీ ముందు నన్ను నేను తిట్టుకోవాలి. బస్సెక్కినవాడు టికెట్ తీసుకున్నాడో లేదో మొహం చూసి చెప్పేస్తాను నేను. పది నిమిషాలు పక్కన కూర్చుని, మా నాన్న లేడని తెలుసుకోలేకపోయాను. మోగట్లేదు కదా, బాగానే ఉన్నాడనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నానమ్మా," అంది గంటమ్మ. "గంట కట్టేసింది నేనే. అది మళ్ళీ మోగదని నాకు తెలీదు."

దుప్పట్ల కట్ట మీద ఇద్దరూ కూర్చున్నారు. గంటమ్మ అంతా చెప్పింది: పెద్ద సిస్టర్ కేక, నలభై కుర్చీలు, వేసిన తలుపు, ముప్పై ఒకటి. తన వేలికి క్లిప్పు తగలడం, తొంభై తొమ్మిది కనపడడం కూడా చెప్పింది. అది మొగుడికి కూడా చెప్పలేదు.

కూతురు చేతిలోని కాగితాలు విప్పి చూసింది. తర్వాత, "నొక్కినందుకు సంతకం పెట్టారు, సరే. మిగతా రెండు వాక్యాలకి ఎందుకు పెట్టారు?" అని అడిగింది.

గంటమ్మ దుప్పటి అంచు మడత సరిచేసింది.

"ఆ మిషన్లు ఇంకా అలాగే ఉన్నాయా?"

"చూద్దువు గాని రా."

చూడవచ్చేవాళ్ళని వదిలే వేళ అది. భుజాన దుప్పట్లతో ఒకరు, యూనిఫాంలో ఒకరు వార్డులోకి వెళ్ళారు. మూడో బెడ్డు తెర మూల అడ్డగీత గంట. పదో బెడ్డు. పదకొండు. ఆరు. ఆరో బెడ్డులో పాతికేళ్ళ అమ్మాయి నిద్రపోతోంది. పక్కన వాళ్ళమ్మ స్టూలు మీద కూర్చుని, వీళ్ళని చూసి నవ్వింది. "నిన్నంతా ఒకటే గోల. ఇవాళ ఈ మిషను బుద్ధిగా ఉంది," అంది.

మాస్టారి కూతురు ఆ తెర మూల వేలు పెట్టి చూపించింది.

గంటమ్మ మీట నొక్కింది. తర్వాత మూడు, పది, పదకొండు. పదో బెడ్డు తెర వెంటనే మోగింది, క్లిప్పు జారిపోయి ఉంది. పెద్ద సిస్టర్ పరుగున వచ్చింది. "నీకింకా బుద్ధి రాలేదా? ముట్టుకోవడం నీ పని కాదని రాసిచ్చావు కదే!"

"మీరే కదా సిస్టర్ నేర్పింది, నా వేలు పట్టుకుని."

 పెద్ద సిస్టర్ పదో బెడ్డు క్లిప్పు సర్ది, మంచం కమ్మీ మీద చేతులానించింది. "ఇద్దరమే ఉన్నామే," అంది చివరికి. "పన్నెండూ ఒకేసారి మోగితే నేను ఎవరి దగ్గరికి పోను? చెప్పు."

ఆవిడ అబద్ధమాడలేదు. నలుగురు చేయాల్సిన పని ఇద్దరి నెత్తిన రుద్ది, ఆ ఇద్దరూ బతకడం కోసం కట్టుకున్న అలవాటుని అందరికన్నా కింద ఉన్న మనిషి మెడకి చుట్టారు. దీన్ని నిర్లక్ష్యం అంటారా? అంటే అది ఎవరి నిర్లక్ష్యం?

మర్నాడు గంటమ్మ సూపరింటెండెంటుకి ఉత్తరం రాసింది. మొదటి వాక్యం నాదే, మిగతా రెండూ వెనక్కి తీసుకుంటున్నాను, ఆ రోజు జరిగింది ఇదీ, అని. మాస్టారి కూతురు కూడా విడిగా రాసింది, ముప్పై ఒక్కసార్ల కాగితం బయటపెట్టమని. మూడో రోజు జవాబు వచ్చింది, గంటమ్మకి మాత్రమే. అనుమతి లేకుండా మళ్ళీ మిషన్లు ముట్టుకున్నందుకు ఆమెను పనిలోంచి ఆపేశారు. కొత్త విచారణ పెట్టారు, ఆమె మీద. మిషన్ల మీద కాదు. ఇవాళ్టికీ మిషనబ్బాయికి ఆర్డరు రాలేదు.

ఆమె ఇంట్లోనే ఉంది. అడిగితే, "వార్డు చూడకుండా ఉండడమే కష్టంగా ఉంది. ఆరో బెడ్డు అమ్మాయి ఇంటికెళ్ళిందో లేదో ఎవరూ చెప్పరు," అంటుంది.

ఆ విచారణ రోజున మాస్టారి కూతురు సెలవు పెట్టి వస్తోంది. ఆయాలు కొందరు వస్తామన్నారు, భయపడుతూనే. మీరూ రండి. రాలేని దూరంలో ఉంటే మీ ఊరి ఆసుపత్రికి వెళ్ళండి. మీ మనిషి పక్కన కూర్చున్నప్పుడు తెర మూల చూడండి. గంట బొమ్మ మీద అడ్డగీత ఉంటే ఎందుకుందో అడగండి. ఎప్పుడు ఆపారు, మళ్ళీ ఎవరు తెరుస్తారు, ఈ వార్డుకి నర్సులు ఎందరుండాలి, ఇవాళ ఎందరున్నారు, ఒళ్ళు తుడిచే ఆవిడకి ఈ మిషను గురించి ఎవరైనా చెప్పారా అని అడగండి. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. నర్సుని కసరకండి, ఆమె ఒంటిచేత్తో ఈదుతోంది. పై గదిలో కూర్చున్నవాళ్ళని అడగండి, జవాబు రాతపూర్వకంగా ఇమ్మనండి. ఇవ్వకపోతే మర్నాడు ఇంకో పదిమందిని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళండి.